పొట్టు తీయని గోధుమ రొట్టె

కాలి మీద పుండు ఎంతకీ మానకపోతే పరీక్ష చేయించాం. మా అత్తయ్యకి షుగరని అప్పుడే తేలింది. రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తినమన్నాడు డాక్టరు. ఆమెకి పైవరస పళ్ళు లేవు. కట్టుడు పళ్ళు పెట్టించాం గానీ అవి నోట్లో కన్నా గ్లాసు నీళ్ళలోనే ఎక్కువ ఉండేవి. మొదటి రోజు చపాతీ ముక్క కాసేపు బుగ్గన పెట్టుకుని, "ఏందే అమ్మాయ్, ఇది నమిలేలోపు తెల్లారుద్ది" అని పళ్ళెం పక్కకి జరిపింది. ఆ సంగతి చెబితే డాక్టరు, "అయితే బ్రౌన్ బ్రెడ్ పెట్టండి. పాలల్లో నానేసుకుని తింటారు" అన్నాడు.

మా వైపు బ్రెడ్డంటే జ్వరమొచ్చిన వాళ్ళ తిండి. బాగున్న మనిషి బ్రెడ్డు తింటుంటే పక్కింటి వాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. అందుకే బేకరీకి వెళ్ళి ఏ బ్రెడ్డు మంచిదని ఆలోచించి కొనడం నాకు అదే మొదలు. నేను నరసరావుపేట దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన ఉద్యోగం మాచర్లలో. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే పోతాడు. పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు. మిగతా రోజులు ఇంట్లో అత్తయ్యా నేనే. సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచే దారిలోనే ఆ బేకరీ. మేము నరసరావుపేటలో కాపురం పెట్టినప్పటి నుంచీ పిల్లల కేకులకీ, పఫ్‌లకీ అక్కడికే వెళ్ళేవాళ్ళం. భార్యాభర్తలిద్దరూ నడుపుతారు. ఆయన్ని అందరూ భాయ్ అంటారు. ఆయన లోపల బట్టీ దగ్గర ఉంటాడు, ఆమె గల్లా దగ్గర కూర్చుంటుంది.

ఒక కంపెనీ బ్రౌన్ బ్రెడ్ ప్యాకెట్లలో వచ్చేది. దాని మీద గోధుమ కంకుల బొమ్మ ఉంది, రంగు కూడా ముదురుగా ఉంది. అదే తీసుకెళ్ళాను. అత్తయ్య పాలల్లో నానేసుకుని తిని, "బాగుందే, తియ్యగుంది" అంది. మంచి తిండి ఇష్టంగా తింటోందని నేను సంతోషపడ్డాను. రెండో నెల పరీక్షలో షుగరు కొంచెం కూడా దిగలేదు. ఏం తింటున్నారని డాక్టరు అడిగితే, ఆమె బ్రెడ్డే తింటున్నానని గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చి ప్యాకెట్టు వెనక్కి తిప్పాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను. దేన్ని ఎక్కువ వేస్తే దాన్ని ముందు రాస్తారు. మొదట మైదా, దాని వెనకాలే పంచదార. గోధుమ పిండి ఎక్కడో కింద ఉంది. ఆ ముదురు రంగుకి వేరే పదార్థం ఉంది. తియ్యగుందని ఆమె చెప్పినప్పుడే నాకు తట్టాల్సింది.

మర్నాడు బేకరీలో అన్ని రకాలూ ఒక్కొక్కటి తీయించి చూశాను. పైన నువ్వులు, అవిసెలు చల్లినదాన్ని కోయిస్తే లోపల పాలలా తెల్లగా ఉంది. ఇంకోదాని మీద గోధుమ అని రాసుంది. ప్యాకెట్టు తిప్పితే అందులోనూ ముందు మైదానే. చివరికి భాయ్ సొంతంగా చేసే బ్రౌన్ బ్రెడ్ గురించి అడిగాను. ఆయన చేతులకంటిన పిండి దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"నిజం చెప్పమంటారా టీచర్ గారూ? దాంట్లోనూ మైదానే ఎక్కువ. కొంచెం తవుడు, కొంచెం రంగు."

"పూర్తిగా గోధుమ పిండితో చెయ్యరా?"

"ఒకసారి చేశా. మెత్తగా లేదని తెచ్చి తిరిగిచ్చారు. అందరూ రంగు చూస్తారు, నొక్కి చూస్తారు. ఆ రెండూ ఉంటే చాలు."

గల్లా దగ్గర నుంచి ఆమె అందుకుంది. "పొద్దున బ్రెడ్డుకొచ్చే వాళ్ళలో సగం మంది షుగరోళ్ళే. మా అమ్మ కూడా ఇదే తింటంది. మళ్ళీ చేసి చూడకూడదా?" భాయ్ ఆమె వైపు చూశాడు. తర్వాత నాతో, "మీతో పొద్దున్నే నడకకొచ్చే వాళ్ళలో ఇంకో నలుగురిని తీసుకుంటామని చెప్పమనండి. శుక్రవారం చేస్తా" అన్నాడు.

ఈ సంగతి అత్తయ్యకి చెప్పాను. చానా సంబరంగానే చెప్పాను. పొట్టు తీయని గోధుమలు, మరలో పట్టించిన పిండి, రంగు ఉండదు, పంచదార ఉండదు అని. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే, "ఆ పొట్టు రొట్టె నాకొద్దు" అంది.

"ఒంటికి మంచిదత్తయ్యా."

"మంచిదని నాకెవురూ చెప్పబళ్ళేదు. ఎడ్లపాడు దగ్గర మా ఊళ్ళో పెళ్ళయ్యేదాకా జొన్న సంకటే. అన్నం పండక్కి. మీ ఆయన పుట్టినప్పుడు మిషన్ ఆస్పత్రిలో పడుకున్నా. నర్సమ్మ గిన్నెడు పాలల్లో తెల్ల రొట్టె నానేసి ఇచ్చింది. నా పక్కన కూర్చుని తినిందాకా లేవలా. అంత మెత్తటి తిండి నేను ఎరగను. ఇన్నాళ్ళకి మళ్ళీ గరుకు తిండి తినమంటావా?"

ఆమె పక్కన కూర్చుని నేనూ చిక్కుడుకాయలు ఒలిచాను. బ్రెడ్డు గురించి ఇన్నాళ్ళుగా చదువుతున్నాను, కొంటున్నాను, పెడుతున్నాను. నీకేం కావాలని ఒక్కసారి కూడా అడగలేదు.

శుక్రవారం నేను స్కూలు నుంచి వచ్చి బస్సు దిగేసరికి రొట్టెలు సిద్ధంగా ఉన్నాయి. పొంగలేదు. చేతిలోకి తీసుకుంటే ఇటుకంత బరువు. భాయ్ చిన్నగా నవ్వి, "నేను చెప్పాగా" అన్నాడు. నేను ఒకటి ఇంటికి తెచ్చాను గానీ దాన్ని అత్తయ్యకి పెట్టలేదు. నా పళ్ళెంలో వేసుకుని కష్టపడి నమిలాను. ఆమె కాసేపు చూసింది.

"ఏదీ, ఓ ముక్క ఇటియ్యి."

కొసన కాస్త తుంచి పాలల్లో ముంచి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. "గట్టిగుంది. కానీ గోధుమల వాసనొస్తంది" అంది. తర్వాత కాసేపటికి, "ఆ భాయ్‌తో చెప్పు, పళ్ళు లేనోళ్ళు తినరని" అంది.

"నువ్వే వచ్చి చెప్పు అత్తయ్యా" అన్నాను.

నిజంగానే వచ్చింది. తర్వాతి శుక్రవారం ఆటోలో వచ్చి, బేకరీ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కర్ర పక్కన ఆనించి, భాయ్‌తో నేరుగా చెప్పింది. "నాయనా, నీ రొట్టె తింటుంటే దవడలు పీకుతున్నాయి." ఆయన నొచ్చుకోలేదు. ఆ రోజు చేసిన కొత్త రొట్టె కోసి, చిన్న పళ్ళెంలో పెట్టి ఆమెకిచ్చాడు. ఈసారి పిండిలో నీళ్ళు ఎక్కువ పోశాడట. ఆమె తిని, "పోయినసారి కన్నా మేలు. మధ్యలో ముద్దగుంది" అంది. గల్లా దగ్గరి ఆమె ఆ మాటలన్నీ శ్రద్ధగా విని, పిండిని ముందే కలిపి నానబెడితే ఎలా ఉంటుందో చూద్దామంది. భాయ్ నిట్టూర్చి, "సరే, అదీ చూద్దాం" అన్నాడు.

అలా శుక్రవారాలు గడిచాయి. ఒకసారి రొట్టె పులిసింది, ఒకసారి పైన మాడింది. ప్రతిసారీ మొదటి ముక్క మా అత్తయ్యకే. ఇంట్లో ఏం పెట్టినా వంక పెట్టే మనిషి అక్కడ కళ్ళు మూసుకుని నింపాదిగా నమిలేది. వాళ్ళు ఆమె నోటి వంకే చూస్తూ నిలబడేవాళ్ళు. గురువారం నుంచే రేపు ఆటో చెప్పావా అని నన్ను అడిగేది. కట్టుడు పళ్ళు కూడా ఆ రోజు తప్పకుండా పెట్టుకునేది.

పిండిని ఎక్కువ నీళ్ళతో ముందే నానబెట్టి, ఈస్టు వేసి, తొందరపడకుండా పొంగనిచ్చి, చివర్లో కాస్త నూనె రాసి కాల్చినప్పుడు కుదిరింది. మైదా రొట్టెంత ఎత్తు లేదు. రంగు కూడా నేననుకున్నంత ముదురు కాదు, ఎండుగడ్డి రంగు. కోస్తే పొట్టు చుక్కలు చుక్కలుగా కనిపించింది. నొక్కితే వేలు దిగి మెల్లగా పైకి లేచింది. అత్తయ్య మొదటి ముక్క తిని, రెండోది తనే చెయ్యి చాపి తీసుకుంది. "ఇది తింటా" అంది. భాయ్ లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన భార్య నా వైపు చూసి నవ్వింది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు చేస్తున్నారు. చెప్పినవాళ్ళకే చేస్తారు, మిగలడం లేదు. నాతో నడకకొచ్చే ఇద్దరు మాత్రం మెత్తగా లేదని మానేసి పాతదానికే వెళ్ళిపోయారు. అత్తయ్య షుగరు పూర్తిగా అదుపులోకి రాలేదు. కొంత దిగింది, పుండు మానింది. బ్రెడ్డయినా లెక్కగానే తినాలన్నాడు డాక్టరు. రాత్రికి రెండు ముక్కలు, కూర, పల్చటి మజ్జిగ. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాత్రం అన్నమే తింటుంది. అందులో నేను మాట్లాడను.

ఈ ఏడాది రంజాన్ నెలలో బట్టీ వేళలు మారాయి. రొట్టెలు సాయంత్రం తయారయ్యేవి. ఒక రోజు మేము వెళ్ళేసరికి ఇఫ్తార్‌కి ఇంకాస్త సమయం ఉంది. భాయ్ మసీదుకి వెళ్ళాడు. ఆయన భార్య గల్లా పక్కనే చిన్న చాప పరిచి, ఖర్జూరాల గిన్నె, పండ్ల ముక్కలు, నీళ్ళ సీసా సర్దుకుంది. అత్తయ్య కుర్చీ ఆమెకి దగ్గరగా జరుపుకుని, పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదా, బట్టీ వేడికి కళ్ళు తిరగవా అని అడుగుతూ కూర్చుంది. ఆమె అలవాటైపోయిందమ్మా అంది.

అజాన్ వినపడింది. ఆమె ఖర్జూరం నోట్లో పెట్టుకుని, గిన్నె అత్తయ్య వైపు చాపింది. అత్తయ్య ఒకటి తీసుకుని నా వైపు చూసింది.

"తినొచ్చా?"

"ఒకటి తిను అత్తయ్యా."

గింజ తీసేసి, సగం తను తిని, మిగతా సగం నా చేతిలో పెట్టింది. వీధిలో లైట్లు వెలిగాయి. రొట్టె ఇంకా వేడిగా ఉంది, కాసేపాగి కట్టిస్తానంది భాయ్ భార్య. మాకేం తొందర లేదు, కూర్చున్నాం.