మా మామ బోరుకు ఎర్ర రంగు

మా మామ కొత్తవాళ్లకు తన పేరు కంటే ముందు తన బోరు సంగతి చెబుతాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో పొయ్యి దగ్గర కూర్చుంటే చాలు, ఆ కథ మొదలయ్యేది. మాది పెద్దమందడి దగ్గర పల్లె. పైన ఎర్ర చెల్క నేల, కింద బండ. ఊళ్లో ఎవరు బోరు వేసినా తెల్లటి రాతిపొడి లేచేదే తప్ప చుక్క నీరు పడేది కాదట. మా మామ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఇంటి వెనుక చేనంతా తిరిగాడు. అడ్డంగా పడుకున్న కాయ ఒకచోట లేచి నిలబడింది. అక్కడే కాలు ఆనించి "ఈడ ఎయ్యుండ్రి" అన్నాడు. బోరు వేసే బండి మీది మనుషులు తడిసి ముద్దయ్యేలా నీళ్లు ఎగజిమ్మాయట. ఆయన దాన్ని తన ఒక్కడి కోసం దాచుకోలేదు. దాని మీద బోరింగు, అంటే చేతిపంపు, బిగించి ఊరికి వదిలేశాడు. ఎన్నో కరువుల్లో ఊరి దూప తీర్చింది ఆ నీళ్లే.

కోడేరు వైపు మా అమ్మగారింటికి వెళ్లినప్పుడు నేనూ తక్కువ గొప్పలు పోయేదాన్ని కాదు. "మా మామ బోరు ఎయ్యకపోతే మా ఊరే లేదు" అనేదాన్ని. ఉన్నమాటే కదా, చెప్పుకుంటే తప్పేంటి?

ఒకటే మచ్చ. నేను కాపురానికి రాకముందే అధికారులు ఆ నీళ్లను సీసాల్లో పట్టుకుపోయి పరీక్ష చేయించారు. ఫ్లోరైడ్ ఎక్కువుంది, తాగొద్దు అని పంపు తలకు ఎర్ర రంగు పూసి పోయారు. తర్వాత కృష్ణ నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. ఊరంతా నల్లాకు మారింది కానీ మా మామ మారలేదు. పంతం! ఎక్కడికి పోయినా తన బోరు నీళ్లు సీసాలో నింపుకుని సంచిలో వేసుకుని పోయేవాడు. రంగు ఎండకూ వానకూ వెలిసిపోయినా, ఆయన మనసులో మాత్రం వెలవలేదు.

నిరుడు వనపర్తిలో ఒక ఫంక్షన్ హాల్లో ఉచిత ఆరోగ్య సభ అంటే, మోకాళ్ల నొప్పులకు మందేమైనా చెబుతారేమోనని మామ వెళ్లాడు. కోటు వేసుకున్న ఒకాయన మైకు పట్టుకుని ఊదరగొట్టాడట. ఒంట్లో పులుపు పెరగడం వల్లే అన్ని రోగాలూ వస్తాయట. ఒళ్లు క్షారంగా ఉంటే ఏ రోగమూ గడప తొక్కదట. మన తిండిలో, నీళ్లలో ఖనిజాలు లేకపోవడం వల్లే కీళ్లు అరుగుతున్నాయట. గాజు గ్లాసుల్లో రంగు చుక్కలు వేసి చూపించాడు. సోడా పసుపుపచ్చగా మారింది. నల్లా నీళ్లు ఆకుపచ్చగా మారాయి. ఆయన అమ్మే మిషను నుంచి వచ్చిన నీళ్లు మాత్రం నీలంగా మెరిశాయి. నీలం అంటే అమృతమట.

మా మామ ఊరుకునే రకమా! సంచిలోంచి తన సీసా తీసి, "నా నీళ్లల్ల గూడ జర ఎయ్యి సారూ" అన్నాడు. నీలం! హాలంతా చప్పట్లు. కోటాయన తడబడకుండా మామను వేదిక మీదికి పిలిచి, ఈ రైతు ఇంట్లో భూమితల్లే మినరల్ వాటర్ ఇస్తోందని చెప్పి మెడలో దండ వేశాడట. ఆ దండ తీయకుండానే బస్సెక్కి ఇంటికి వచ్చాడు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు కళ్లు చెమర్చాయి, నిజం.

"ఏమ్మా, ఫ్లోరైడ్ అంటే ఏందనుకున్నవ్?" అన్నాడు నాతో. "గది గూడ ఒక మినరలేనంట. గా ఆఫీసర్లకు తెల్వక ఎర్రరంగు పూసి పోయిండ్రు."

చుక్కల మందు సీసా కూడా తెచ్చాడు. ఇక నా వంటింట్లో గిన్నె మిగల్లేదు. పాలలో చుక్క, మజ్జిగలో చుక్క, గంజిలో చుక్క. చింతపండు రసంలో వేస్తే ఎర్రగా మారింది. "సూడు, నెత్తురు లెక్క అయింది. గిది కడుపులకు పోతే మనిషి బతుకుతడా?" అని అదే రోజు పులుపు బంద్ చేశాడు. పుంటికూర, అదే గోంగూర, పోయింది, మామిడికాయ పప్పు పోయింది. నేను ఏం వండినా వంక పెట్టవచ్చు కానీ నా పచ్చిపులుసు జోలికి రాకూడదు! గద్వాల నుంచి చుట్టాలు వస్తే కాళ్లు కడుక్కోకముందే దాన్ని అడుగుతారు. చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి చేత్తో పిసికి నేను చేసే పచ్చిపులుసు మా ఊళ్లో ఎవరికీ రాదు. అట్లాంటిది నా ఇంట్లోనే దానికి చోటు లేకుండా పోయింది. నాకు ఒళ్లు మండింది.

పప్పు కూడా బోరు నీళ్లతోనే వండమన్నాడు. వండాను. ఎంత మంట పెట్టినా గింజ గింజగానే ఉంది.

"ఉడకకపాయె మామా" అంటే, "ఖనిజం బిడ్డా, గట్టిగనే ఉంటది. మంచిగ నములు" అన్నాడు.

మా ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వితే ఆయన చేయి నోటికి అడ్డం పోతుంది. పెళ్లిచూపుల్లో చూసి, సిగ్గరి కాబోలు అనుకున్నాను. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, సన్నటి గుంటలు ఉన్నాయని తర్వాత తెలిసింది. పుట్టి పెరిగింది ఆ బోరు నీళ్ల మీదే మరి. మామను అడిగితే "తంబాకు మరకలు" అని కొట్టిపారేసేవాడు. మా ఆయన జన్మలో పొగాకు ముట్టింది లేదు.

దండ సంగతి ఊరంతా పాకింది. నల్లా ఇంట్లో ఉన్నవాళ్లు కూడా బిందెలు పట్టుకుని మా పెరట్లోకి రావడం మొదలుపెట్టారు. మామ పంపు పక్కన మంచం వేసుకుని కూర్చుని, పులుపు గురించీ క్షారం గురించీ పాఠం చెప్పేవాడు. మళ్లీ జనం మా పెరట్లో బారులు తీరితే నాకూ గర్వంగానే ఉండేది. పెద్దవాళ్లు ఏదో పంతానికి తాగుతున్నారులే అని సరిపెట్టుకున్నాను.

కానీ ఆయన ఒకటో తరగతి చదివే నా కూతురి బడి సీసా కూడా అందుకున్నాడు. రోజూ పొద్దున్నే తన చేత్తో బోరు నీళ్లు నింపి దాని సంచిలో పెట్టేవాడు. దానికి అప్పుడే మొదటి పాలపన్ను ఊగుతోంది. ఆ పళ్లు పోయి కొత్తవి రావలసిన వయసులో దాని నోట్లోకి ఈ నీళ్లా? నేను చాటుగా పారబోసి నల్లా నీళ్లు నింపితే, ఆ పిల్ల సాయంత్రం తాతకు పూసగుచ్చినట్టు చెప్పేసేది. మర్నాడు ఆయన వాకిట్లో నిలబడి తన ముందే తాగించి పంపేవాడు.

ఇక లాభం లేదని, అమ్మగారింటికి వెళ్లే నెపంతో బిడ్డనూ మా ఆయననూ తీసుకుని నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయాను. పళ్ల డాక్టరమ్మ పాప నోరు చూసి, తర్వాత మా ఆయన వైపు తిరిగి, "మీరు చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు?" అని అడిగింది. ఆయన మెల్లగా చేయి దించి పళ్లు చూపించాడు. నేను చుక్కల మందు సంగతి, పులుపు సంగతి అంతా చెప్పాను.

"ఆ చుక్కలు నీళ్లు పులుపా క్షారమా అని మాత్రమే చెబుతాయమ్మా. ఫ్లోరైడ్ ఉందో లేదో చెప్పవు" అందామె. "చింతపండు తింటే రక్తం పులిసిపోదు. ఆ సంగతి మన ఊపిరితిత్తులు, కిడ్నీలు చూసుకుంటాయి. పాపకు ఇంకా చాలా పళ్లు చిగుళ్ల లోపల తయారవుతున్నాయి. ఈ నీళ్లే తాగితే వాళ్ల నాన్న పళ్లలాగే వస్తాయి. ఎముకలకు కూడా దెబ్బే."

ఇంటికి రాగానే చీరకొంగు నడుముకు చెక్కి మామ ముందు నిలబడ్డాను. డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను.

"గా డాక్టరమ్మకు నా బోరు ఎర్కనా? కరువుల ఊరును బతికిచ్చిన నీళ్లు. నా బోరును తిడితే నన్ను తిట్టినట్టే" అన్నాడు.

"నీ బోరుకు నేను గూడ దండం పెడ్త మామా. గనీ నా బిడ్డ నోట్లె ఇంక ఒక్క సుక్క పోనియ్య. ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినా సరే, పోనియ్య."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేనికి పోయాడు. ఆనాటి నుంచి నాతో మాటల్లేవు. ఆకలేస్తే మనుమరాలిని పిలిచి, "మీ అమ్మను బువ్వ పెట్టుమను" అనేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని! నేనూ తగ్గలేదు. బడి సీసాను నా చంకలోనే పెట్టుకుని పిల్లను బడి గేటు దాకా దింపి వచ్చేదాన్ని.

ఒక శనివారం పొద్దున పాలపన్ను ఊడింది. తాతా మనుమరాలూ కలిసి దాన్ని ఇంటి కప్పు మీదికి విసిరారు. కొత్తది తొందరగా రావాలని అందరూ చేసేదే. పన్ను పెంకుల మీద టక్కుమని పడితే పిల్ల కిలకిలా నవ్వింది. నవ్వుతూ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"పన్ను పోయిందని సిగ్గా బిడ్డా? చెయ్యి తియ్యి" అన్నాడు మామ.

"సిగ్గు కాదు తాతా. మనింట్ల గిట్లనే నవ్వుతరు గద. నాయన గిట్లనే నవ్వుతడు."

నేను చేట పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను. మామ మనుమరాలి చేయి పట్టుకోబోయిన చేతిని వెనక్కి తీసుకుని, వెనక అరుగు మీద కూర్చుని ఆ పంపు వైపే చూశాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పెద్దమందడి పోయి, ఎర్ర రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. పంపు తలను గరుకు కాగితంతో రుద్ది, తుప్పు రాల్చి, వంగలేని మోకాళ్లతో వంగి తానే రంగు పూశాడు. ఆయన కుంచె కడిగి పెట్టాక ఆడవాళ్లు బిందెలతో వచ్చారు.

"తాగకుండ్రి" అన్నాడు వాళ్లతో. "బట్టలుతుక్కోండ్రి, గిన్నెలు తోముకోండ్రి. పోరగాండ్లకు మాత్రం తాపకుండ్రి."

"మొన్న అమృతం అంటివి గదనే?" అని ఒకామె ఎత్తిపొడిచింది.

"అవ్, అన్న. తప్పు చెప్పిన. ఇయ్యాల నిజం చెప్తున్న, ఇను."

"ఇంతకు ఎవరు పూసిండ్రే గీ రంగు? మళ్ల ఆఫీసర్లు గిట్ల వచ్చిండ్రా?" అంది ఇంకొకామె.

"ఏ ఆఫీసరూ రాలే. నా బోరు, నేనే పూసిన" అన్నాడు. నీళ్లు ఎగజిమ్మిన కథ చెప్పేటప్పటి గొంతే అది, ఏమాత్రం తగ్గలేదు. కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు తీసిన మొగాళ్లు ఇంకెక్కడైనా ఉండొచ్చు. తను తీసిన నీళ్లను తానే తాగొద్దని ఊరందరి ముందు చెప్పిన మనిషిని నేను మా మామనొక్కడినే చూశాను. ఇప్పుడు అమ్మగారింటికి పోతే నేను చెప్పుకునే గొప్ప ఇదే.

ఆ మధ్యాహ్నం ఎవరినీ అడగకుండా పచ్చిపులుసు చేశాను. మామ పళ్లెం ముందు కూర్చుని, మనుమరాలి వైపు కాదు, నా వైపే చూసి, "ఇంకింత పొయ్యి బిడ్డా" అన్నాడు. పోశాను, పళ్లెం అంచు దాకా.

"తాతా, నీ కడుపు ఎర్రగైతది!" అంది పిల్ల. మా ఆయన పకపకా నవ్వాడు. అలవాటుగా చేయి నోటి దగ్గరికి లేచింది. మామ తన ఎడమ చేత్తో కొడుకు మణికట్టు పట్టుకుని కిందికి దించాడు.

"చెయ్యి తియ్యిరా. గది తంబాకు కాదు, నా బోరు మరక. సిగ్గుపడితే నేను పడాలె, నువ్వెందుకు?"

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి పిల్ల మళ్లీ ఏదో అంటే, కొడుకు మణికట్టు మామ చేతిలో ఉండగానే, మళ్లీ నవ్వాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆయన నవ్వును నేను నిండుగా చూశాను. చారలూ గుంటలూ అన్నీ కనబడ్డాయి. ఎంత చక్కటి నవ్వో.