మంచినీళ్ళ బిందె

నా చిన్నప్పుడు మా కొల్లేటి లంకలో ఎవరినైనా కుక్క కరిస్తే, ఆ గాయానికి నీళ్ళు తగలనిచ్చేవారు కాదు. పిచ్చికుక్క కరిచినవాళ్ళు చివరికి నీళ్ళు చూసి బెదిరిపోతారు కాబట్టి, నీళ్ళు తగలడం వల్లే ఆ పిచ్చి లోపలికి దిగుతుందని మావాళ్ళు తేల్చేసుకున్నారు. ఎటు చూసినా నీళ్ళే ఉన్న ఊళ్ళో ఒక్క కాలిని మాత్రం పొడిగా ఉంచాలని ఇంటిల్లిపాదీ కాపలా కాసేవారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

మా ఇంట్లో అలా కాపలా కాసింది మా బావకి. బావంటే మా మేనత్త ఒక్కగానొక్క కొడుకు. చేపల చెరువు గట్టు మీద కుక్క కరిస్తే మా నాయనమ్మ కారం, సున్నం కలిపి పట్టించి పొడిగుడ్డ కట్టింది. కూతురి బిడ్డ మీద ప్రేమ లేక కాదు. కడుగుదామని అత్త తెచ్చిన చెంబుని లాక్కున్నది కూడా ప్రేమతోనే. గాయం మానింది. కొన్ని వారాల తర్వాత బావ మంచినీళ్ళ గ్లాసు చూసి గోడకి అంటుకుపోయాడు. పడవ మీద తీసుకెళ్తుంటే తెడ్డు పడిన ప్రతిసారీ బావ పెట్టిన కేకల గురించి మా నాన్న ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. కరిచిన వెంటనే సబ్బుతో బాగా కడిగి, ఇంజక్షన్లకి తీసుకొచ్చి ఉంటే బతికేవాడని ఏలూరు ఆసుపత్రిలో డాక్టరుగారు అన్నారట. అత్త ఆ ఒక్క మాట మూటగట్టుకుని తిరిగొచ్చింది. మా పక్కింట్లోనే ఉంటూ కన్నతల్లితో మాట్లాడటం మానేసింది. చర్చిలో ఒకరు చాప ఈ చివర కూర్చుంటే ఒకరు ఆ చివర. క్షమించడం గురించి పాస్టరుగారు ఎన్ని ప్రసంగాలు చేసినా ఆ చాప పొడవు తగ్గలేదు.

మరుసటి ఏడు ఎండల్లో అదే గట్టు మీద నన్నూ కుక్క కరిచింది. రోజూ నేను చేప తలకాయలు వేసే కుక్కే, పిక్క పట్టుకుని వదల్లేదు. రక్తం చూడగానే నాయనమ్మ కారం డబ్బా మూత తీసింది. అంత జరిగాక కూడా ఆవిడకి తెలిసిన వైద్యం అదే.

నా ఏడుపు విని అత్త పరిగెత్తుకొచ్చింది. ఆ ఎండల్లో కొల్లేటి నీళ్ళన్నీ బురద. తాగడానికి మంచినీళ్ళు కైకలూరు నుంచి పడవ మీద రావాలి. మళ్ళీ పడవ వచ్చేదాకా ఇంట్లో ఉన్న ఆ బిందెడే అందరికీ. అత్త నన్ను అరుగు మీద కూలేసి, బట్టల సబ్బు తెచ్చి, ఆ బిందెలోంచే చెంబుతో ముంచి నా కాలి మీద పోయడం మొదలుపెట్టింది.

"తాగే నీళ్ళమ్మాయ్! తడి తగిలితే పిల్ల దక్కదే!" అని నాయనమ్మ అత్త చెయ్యి పట్టుకుంది.

"నా కొడుక్కి ఒక్క చెంబుడు పోయనిచ్చావా అమ్మా?" అంది అత్త.

అన్నాళ్ళ తర్వాత తల్లితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. నాయనమ్మ చెయ్యి దానంతటదే జారిపోయింది.

సబ్బు మంటకి నేను గింజుకుంటుంటే, "నీకొచ్చిన పాటలన్నీ పాడవే. అయిపోతే మళ్ళీ మొదలెట్టు" అంది అత్త. సండే స్కూలు పాటలన్నీ ఏడుస్తూ పాడాను. పాటలు అయిపోయినా చెంబు ఆగలేదు. బిందె అడుగు గీరుకునేదాకా కడిగింది. కట్టు కట్టనివ్వలేదు. అటునుంచి అటే పడవెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు పొడిచినన్నాళ్ళూ నా చెయ్యి వదల్లేదు.

నేను బతికాను కాబట్టి తల్లీకూతుళ్ళు కలిసిపోయారని రాయాలని ఉంది. కలవలేదు. నేను బతకడమే నాయనమ్మని కుంగదీసింది. నీళ్ళు తగిలిన పిల్ల కళ్ళెదుటే గెంతుతుంటే, పొడిగుడ్డ కట్టింది ఎవరికో ఆవిడకి రోజూ గుర్తొచ్చేది. నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. పోయేదాకా అంతే.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో, ఇంటింటికీ కుళాయి ఉన్న వీధిలో ఉంటున్నాను. మొన్న పక్క వాటాలో పిల్లాడిని కుక్క కరిస్తే, వాళ్ళమ్మ ఫోన్లో ఏదో చూసి కాఫీ పొడి అద్దబోయింది. ఆ చెయ్యి పక్కకి తోసి, వాడిని కుళాయి కింద కూర్చోబెట్టి, సబ్బు రుద్దుతూ వచ్చిన పాటలన్నీ పాడమన్నాను. తర్వాత ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

అత్త నన్ను బతికించిందని మావాళ్ళందరూ అంటారు. నిజమే. కానీ కాళ్ళు కడుక్కుంటూ ఆ మచ్చ తడిమినప్పుడల్లా నాకు బావే గుర్తొస్తాడు. ఆ రోజు నా కాలి మీద పోసినవి బావకి పోయాల్సిన నీళ్ళు.