మా మేష్టారి ఇంగ్లీషు చెడుగుడు

మేష్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కొండకర్ల దగ్గర మా బడి ఆవరణలో పిల్లల చేత ఇంగ్లీషు చెడుగుడు ఆడిస్తున్నాను. "స్లోలీ స్లోలీ" అని వాళ్ళు పెడుతున్న కేకల్లో అవతలి మాట ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఆట ఆపబుద్ధి కాలేదు. ఆ ఆట ఆయనదే మరి!

ఏడేళ్ళ కిందట నేను పదో తరగతి ఇంగ్లీషులో తప్పాను. "ఈపాలి కూడా తప్పేవంటే సదువు మానేసి సెరుకు తోటలోకి వచ్చీ" అన్నాడు మా నాన్న. సప్లిమెంటరీ పరీక్షకి నెల రోజులే ఉంది. అనకాపల్లిలో రిటైరైన మేష్టారొకరు, తప్పినవాళ్ళకి చర్చి పక్క ఖాళీ స్థలంలో ఊరికే చెబుతారని విని కె. కోటపాడు నుంచి బస్సెక్కాను. అప్పట్లో నలుగురిలో నాకు గొంతే పెగిలేది కాదు.

ఆయన నల్లబల్ల జోలికే పోలేదు. బెల్లం ముక్క చూపించి, "ఎర్ర బెల్లం. ఎలాంటిది? ఎర్రది. అది అడ్జెక్టివ్" అన్నారు. నోట్లో వేసుకుని, "మెల్లగా కరుగుతంది. ఎలా కరుగుతంది? మెల్లగా. అది అడ్వర్బ్. పాఠం అయిపోయింది, లేవండి!" అని మడమతో ఇసకలో గీత గీసి, ఆ చివర ఇనుప కుర్చీ వేసుకున్నారు.

అవతలి జట్టు ఒక అడ్జెక్టివ్ విసురుతుంది. మనం దాన్ని అడ్వర్బ్ చేసి, అదే కూతగా పెడుతూ, అలాగే వెళ్ళి రావాలి. "స్లో" అంటే "స్లోలీ స్లోలీ" అంటూ నత్తలా నడవాలి, దొరక్కుండా రావాలి! "గుడ్" అంటే "వెల్" అనాలి, "గుడ్లీ" అన్నవాడు అవుట్. "ఫాస్ట్"కి "ఫాస్టే" అని తెలీక "ఫాస్ట్‌లీ" అని ఒక్కరోజే ఐదుగురం పోయాం. అబ్బ, ఏం నవ్వులు! ప్రార్థనకొచ్చినవాళ్ళు కూడా గోడ పక్కన నిలబడిపోయేవారు. అవుటైనవాళ్ళతో మేష్టారిది ఒకటే మాట: "కూత తెగితే మళ్ళీ పట్టుకోవచ్చమ్మా, ఎల్లు."

నా మొదటి వంతుకి "సైలెంట్" అని విసిరారు. "సైలెంట్లీ సైలెంట్లీ" అని గొణుక్కుంటూ పోయి, ఇద్దర్ని ముట్టుకుని గీత దాటాను.

"కూతే నేదు సార్! మాకినపడ్నేదు! అవుటే!" అని గోల.

మేష్టారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, కుర్చీలోంచి సగం వంగి ఉన్నారు. "నాకు వినిపించింది" అన్నారు.

అంతే, ఆ పూట నుంచి నా గొంతు ఆగలేదు. పరీక్ష హాల్లో బెంచీ కింద నా కాళ్ళు కూతకెళ్తుంటే, "ఏటమ్మా, చీమలు కుట్టేయా?" అన్నారు కాపలా ఉన్న టీచరమ్మ. పాసయ్యాను! ఇవాళ నేను ఇంగ్లీషు టీచర్నంటే ఆయన చలవే.

సమాధుల తోట నుంచి వచ్చాక పాత విద్యార్థులం పదిమందిమి ఆ ఖాళీ స్థలంలో ఆగిపోయాం. ఒకరు మేష్టారి ఇనుప కుర్చీ తెచ్చి దాని చోట వేశారు, ఇంకొకరు మడమతో గీత గీశారు. కొంగులు దోపుకుని ఏడుస్తూనే ఆడాం, ఆడుతూ ఆడుతూ నవ్వేశాం. నా వంతుకి ఒకడు కావాలనే "సైలెంట్" అన్నాడు. గొణుక్కుంటూ పోయి ముగ్గుర్ని ముట్టుకొచ్చాను.

"కూత నేదు, అవుటే!" అన్నారు వాళ్ళు. "ఉంది!" అన్నారు మావాళ్ళు. తగవు తెగక, అందరం ఒక్కసారిగా కుర్చీ వైపు తిరిగాం.