బావ గీసిన సున్నపు గీత

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. పీర్జాదిగూడ దాటి మూసీ వైపు పోతే అప్పట్లో ఒక పెద్ద వెంచర్ ఖాళీగా పడి ఉండేది. అందులో ఒక పెద్దాయనకు చిన్న ప్లాటు ఉంది. ఎప్పటికైనా ఇల్లు కట్టుకోవాలని కొనుక్కున్నది. ఆయనకున్న ఆస్తి అదొక్కటే. దాన్ని ఎవరో ఒకరు గుంజుకుపోతారని రాత్రింబవళ్ళు భయం. ఆదివారం పొద్దున పాత స్కూటరు మీద వచ్చి, తుమ్మపొదల పక్కన నిలబడి కాపలా కాసేవాడు. ఈ సంగతి మాకు తెలియదు. తెలియకుండానే ఒక చలికాలమంతా ఆయన కళ్ళ ముందు బండి నడపడం నేర్చుకున్నాం.

మేము అంటే నేను, మా బావ. నేను నాచారంలో అక్కా బావల దగ్గర ఉండి, ఒక చిన్న కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. బావ అక్కడే పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం రోడ్డు మధ్యలో గుంతలు తవ్వుతున్న రోజులవి. ఎవరి దుకాణం పోతుంది, ఎవరి ఇల్లు సగానికి కోస్తారు, ఏ రోడ్డు ఎవరి భూమిలోంచి పోతుంది, ఏ చాయ్ హోటల్లో చూసినా అదే ముచ్చట. మాది అద్దె ఇల్లు. మాకేం పోయేది లేదు కాబట్టి ఆ మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాళ్ళం.

బావకు బండి పిచ్చి. అది కూడా రోడ్డు మీద కాదు, రోడ్డు లేని చోట. ఒక పాత టూ-స్ట్రోక్ బండి పట్టుకొచ్చి, మట్టిలో పట్టు దొరికే గుబ్బల టైర్లు వేసి, ముందు మడ్‌గార్డు పైకెత్తి బిగించి, ఆదివారమైతే చాలు ఆ వెంచర్‌కు బయల్దేరేవాడు. మొరం దిబ్బలు, రాతి పలకలు, వాన నీళ్ళు కోసిన వంకలు, మధ్యమధ్యలో ప్లాట్ల హద్దుకు పాతిన కడీలు, అంటే మనిషి ఎత్తు రాతి స్తంభాలు. నాకూ నేర్పమని వెంటబడ్డాను. అక్క ఇంటి కప్పు ఎగిరిపోయేలా లొల్లి చేసింది.

"దానికి నేను సంబంధాలు సూస్తుంటే, నువ్వు దాన్ని గుంతలల్ల దొర్లించి కాళ్ళు ఇరగ్గొడ్తవా?"

"కాళ్ళు ఇరగకుంటనే నేర్పుతనే. నేను నేర్పకుంటే ఇంకెవనితోనో నేర్సుకుంటది, గప్పుడు ఇరుగుతయ్," అన్నాడు బావ.

ఈ మాట ఒప్పుకుని తీరాలి: జాగ్రత్తలో బావను మించినవాడు లేడు. నిండా మూసే హెల్మెట్, దాని లోపల దుమ్ముకు కట్టిన కర్చీఫు, మోకాళ్ళకు మోచేతులకు గట్టి అట్టల్లాంటి ప్యాడ్లు, చీలమండ పైదాకా వచ్చే బూట్లు. నాకు ముఖం చుట్టూ చున్నీ చుట్టించి ఆపైన హెల్మెట్. అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు. మొదటి ఆదివారం బండి స్టాండు కూడా తీయనివ్వలేదు.

"ముందుగాల నడువు. ఏడ గుంతున్నదో, ఏడ రాయున్నదో నీ కాళ్ళకు తెల్వాలె. గప్పుడు బండెక్కు."

"నేను బండి నేర్సుకోనీకి వచ్చిన్నా, పాదయాత్రకు వచ్చిన్నా బావా?"

"నోరు తక్కువ జేసి గ్లౌజులు తొడుక్కో."

నడిచాం. ఒళ్ళంతా చెమట. తర్వాత బండెక్కించి, సీటు మీద కూర్చోకుండా కాలిమెట్ల మీద నిలబడమన్నాడు. మోకాళ్ళు కొంచెం వంచి టాంకును నొక్కిపట్టు, క్లచ్ మీద రెండు వేళ్ళు చాలు, దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టకు. అన్నీ విన్నాను. విని, నేరుగా పోయి ఒకే ఒక్క రాయికి గుద్దుకుని పడ్డాను. అంత మైదానంలో ఆ ఒక్క రాయే దొరికింది నాకు.

"రాయిని సూస్తే రాయి మీదికే పోతవ్. నువ్వు పోవాల్సిన తావు సూడు, పిల్లా," అన్నాడు బావ బండి లేపుతూ.

అప్పుడే మొదటిసారి ఆ పెద్దాయన్ను చూశాను. తుమ్మల పక్కన స్కూటరు ఆపుకుని, మఫ్లర్ చుట్టుకుని నిలబడ్డాడు. నేను పడినందుకు నవ్వలేదు. లేచినందుకు ఊపిరి పీల్చుకున్నట్టు కూడా లేదు. ఊరికే చూస్తున్నాడు. బావ చెయ్యెత్తి ఊపాడు. ఆయన ఊపలేదు.

రెండో ఆదివారం బావ చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నం పొడి నింపుకొచ్చాడు. కబడ్డీ కోర్టుకు గీసినట్టు, మేము తిరిగే దారి పొడుగునా గీత గీశాడు. గుంతలున్న చోట కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టాడు. నేను గీత దాటితే బండి ఆపేస్తానని షరతు.

"ఇష్టమొచ్చినట్టు తిరిగితే భూమంత దున్నినట్టయితది. ఎవలెవల ప్లాట్లో ఏమో. ఒక్క దారి పెట్టుకుందాం, గా దారిలనే పోదాం, గా దారిలనే వద్దాం," అన్నాడు.

ఎంత మంచి మాట! మేకలొస్తే ఇంజను ఆపేసేవాడు. సైలెన్సర్ కోయించి పెద్ద చప్పుడు చేసుకుంటూ తిరిగే కుర్రాళ్ళను తిట్టేవాడు. వానపడ్డ మర్నాడు బండి తీసేవాడు కాదు, తడి నేల చెడిపోతుందని. మేకలకు, మట్టికి ఇంత మర్యాద చేసిన మేము, ఆ మనిషి దగ్గరకు నడిచివెళ్ళి నువ్వెవరు పెద్దాయనా అని అడగలేదు.

ఆ తర్వాత వారం వెళ్ళేసరికి, రెండు కడీల మధ్య గీత చెరిపేసి ఉంది. ఎవరో కాలితో కసిగా రుద్దినట్టు. ఆ కడీలకు మాత్రం కొత్తగా వెల్ల వేసి ఉంది.

"బర్లు తొక్కినయ్," అన్నాడు బావ. ఇంకొంచెం సున్నం పోసి గీత మందంగా గీశాడు.

"బర్లు కడీలకు వెల్ల గూడ ఏస్తయా బావా?"

ఆయన నవ్వేశాడు. నేను తుమ్మల వైపు చూశాను. స్కూటరు ఉంది. మనిషీ ఉన్నాడు.

మరో వారం సరిగ్గా అదే చోట కడీకి ఎర్రగుడ్డ చుట్టి, కింద కోసిన నిమ్మకాయలు, కుంకుమ పెట్టి ఉన్నాయి. ఇంటికొచ్చి చెప్తే అక్క నాకు ఉప్పుతో దిష్టి తీసి, బావ మీద పడింది.

"ఎవలో మీకు చెడు జేస్తున్నరు. ఇగ బంద్ జెయ్యి. నీకేమన్న అయితే నేనెట్ల బతకాలె?"

"నిమ్మకాయలకు బండి పంచరైతదా ఏంది?" అన్నాడు బావ. కానీ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

తర్వాత దారికి అడ్డంగా ముళ్ళకంప వచ్చింది. బావ ఒక్కొక్క కొమ్మ ఏరి, ఎవరి కాళ్ళకూ గుచ్చుకోకుండా దూరంగా కుప్ప వేశాడు. ఆయనకు ప్రతిదీ రాయో గుంతో ముల్లో, తీసేస్తే సరిపోయేది. దాని వెనక ఒక మనిషి ఉన్నాడని తోచలేదు. అప్పటికి లేత్ షాపు నుంచి ఇంకో ముగ్గురు మాతో వచ్చేవాళ్ళు. అందరికీ హెల్మెట్లు, ప్యాడ్లు ఉండాల్సిందే, లేకపోతే బావ రానివ్వడు. పొద్దున్నే ఆ గీత పక్కన వరసగా బండ్లు ఆపుకుని, ముఖాలు కనబడకుండా నిలబడేవాళ్ళం.

నాకు మాత్రం ఆ పెద్దాయన చూపు పడేది కాదు. ఒకరోజు చిర్రెత్తుకొచ్చింది. ఏదైతే అదైంది, ఏం కావాలో అడిగేద్దామని బండి ఆయన వైపు తిప్పాను. హెల్మెట్ తీయలేదు, ఇంజనూ ఆపలేదు. నేను సగం దూరం వచ్చానో లేదో, ఆయన స్కూటరును తన్ని, తన్ని, అది స్టార్ట్ కాక, నెట్టుకుంటూ ఉరికాడు. మఫ్లర్ కింద పడినా వెనక్కి చూడలేదు. మా వాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. మఫ్లర్ తీసి కడీ మీద వేసి వచ్చాను.

ఆ తర్వాతి ఆదివారం మంచు దట్టంగా ఉంది. మిగిలినవాళ్ళు ఇంకా రాలేదు. బండి మట్టిరోడ్డు మీదే ఆపి, ఎప్పటిలాగే ముందు నడక మొదలుపెట్టాం. చలికి హెల్మెట్లు తీయలేదు. గీత వెంబడి పోతుంటే, వెల్ల వేసిన ఆ రెండు కడీల దగ్గర ఎవరో వంగి ఏదో చేస్తున్నారు. దగ్గరికి పోయేసరికి బావ ఆగిపోయాడు. కడీ నుంచి కడీకి సన్నటి ఇనుప తీగ. బండి మీద నిలబడినవాడి మెడ ఎత్తున ఉంది. ఆ మంచులో పది అడుగుల దూరం నుంచి కూడా కనబడదు. బావ చెయ్యి తనంతట తనే గొంతు మీదికి పోయింది.

"ఓయ్! ఏం జేస్తున్నవ్? మనుషులను సంపుతవా?" అని అరుచుకుంటూ పరిగెత్తాను.

ఆ పెద్దాయన ఉలిక్కిపడి కింద కూలబడ్డాడు. చేతిలో పటకారు లేదు. ఉత్త వేళ్ళతోనే తీగ మెలికలు తిప్పుతున్నట్టున్నాడు, వేళ్ళు చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"కడ్తలేను బిడ్డా, ఇప్పుతున్న," అన్నాడు. "నిన్న పొద్దుమీకి కట్టిన. కట్టినసంది నిద్ర లేదు. మీల ఒకరికి జడ కనవడ్డది. ఆడిపిల్ల గూడ ఉన్నది గదా, మెడ తెగుతే ఎట్ల అని పొద్దుగాలనే వచ్చిన. నన్నేమనకున్రి."

ఆయన రెండు చేతులూ జోడించి బావ వైపు తిరిగాడు.

"మీ సేటుకు చెప్పున్రి సార్. ఇగ నేను అడ్డం రాను. రోడ్డుకు గీత గీసిన్రు గదా, నా ప్లాట్ల నుంచే పోనియ్యున్రి. ఏడ సంతకం పెట్టమంటే ఆడ పెడ్త. ఇంటికి మాత్రం రాకున్రి. మా ముసల్ది భయపడ్తది."

"ఏ సేటు?" అన్నాడు బావ.

బావ హెల్మెట్ తీశాడు. కర్చీఫు విప్పాడు. అన్ని వారాల్లో బావ ముఖం ఆ పెద్దాయనకు కనబడటం అదే మొదలు. చెమటకు అణిగిన జుట్టు, గడ్డం గీసుకోని బుగ్గలు, మామూలు మనిషి ముఖం. పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పాడు.

"పెద్దాయనా, నేను నాచారంల లేత్ మీద పని జేస్త. ఇది మా మరదలు. మాకు ఏ సేటు లేడు. గిది ఉత్త ఆట. మట్టిల బండి నడుపుడు నేర్సుకుంటున్నం, గంతే. సున్నం నేనే పోసిన, మీ జాగ ఖరాబు కావద్దని."

"అవును సార్," అన్నాడు ఆయన. "ఆట సార్."

"నా మాట నమ్ము. నేను గూడ మిల్లుల కూలి జేసెటోని కొడుకునే."

"నమ్ముతున్న సార్. మీరేం చెప్పినా నమ్ముత."

ఆయన చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నేను నా చున్నీ విప్పి ఆయన వేళ్ళకు కట్టబోతే, వెనక్కి జరిగాడు. బావ తీగంతా విప్పి చుట్ట చుట్టి ఆయన స్కూటరులో పెట్టాడు. ఆయన దానికి కూడా దండం పెట్టి వెళ్ళిపోయాడు. బావ బూటుతో గీత చెరపడం మొదలుపెట్టాడు. నేను రెండో కొస నుంచి చెరిపాను. మిగతావాళ్ళు వచ్చి ఏమైందని అడుగుతున్నా ఇద్దరం చెరుపుతూనే ఉన్నాం.

మరుసటి ఆదివారం బండి లేకుండా, అక్కను వెంటబెట్టుకుని సిటీ బస్సులో వెళ్ళాం. ఆడమనిషి చెప్తే, పండ్లు చేతిలో పెట్టి మాట్లాడితే నమ్ముతాడని అక్క ఆలోచన. మధ్యాహ్నం దాకా ఎదురుచూశాం. ఆయన రాలేదు. ఆ తర్వాత వారమూ రాలేదు. ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు.

సంక్రాంతి పోయాక మళ్ళీ వెళ్ళినప్పుడు వెల్ల వేసిన కడీలు లేవు. చుట్టుపక్కల ప్లాట్లన్నీ కలిపి రేకుల ప్రహరీ కట్టారు. గేటు దగ్గర కుర్చీలో కొత్త వాచ్‌మన్ కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఇక్కడ ఒక పెద్దాయన ప్లాటు ఉండాలి కదా, ఏమైందని బావ అడిగాడు.

"అందరు అమ్ముకుని పోయిన్రన్నా. మా సేటుకు అగ్గువకే దొరికింది," అన్నాడు వాచ్‌మన్. మాకు కూర్చోమని రాయి చూపించి, నవ్వుతూ చెప్పాడు. "సేటు ఏం జెయ్యనేలేదు. ఎవలో గుండాలంట, ఆదివారం ఆదివారం బండ్ల మీద వచ్చెటోళ్ళంట. మొఖాలకు గుడ్డలు కట్టుకుని సున్నం గీతలు గీసి, ఎర్రజెండాలు పాతి సర్వే జేసిన్రంట. ముసలోళ్ళను తరిమి కొట్టిన్రంట. ఒక ఆడిది గూడ ఉండెనంట వాళ్ళల్ల. గదే మస్తు కత్తర్నాక్‌దంట!"

అక్క నా వైపు చూడలేదు. బావ "అట్లనా," అన్నాడు.