అవ్వ చూసిన ఆకుపచ్చ సూర్యుడు

నా చిన్నప్పుడు ఆదోని దగ్గరి కోసిగి పక్కన మా పల్లెలో ఉరుముకు భయపడే పిల్లలు లేరు. ఉరుము వినపడని ఏళ్లలోనే పెద్దవాళ్ల ముఖాలు చూసి భయపడేవాళ్లం. యాభైల మొదట్లో ఒక ఏడు అట్లాంటిదే వచ్చింది. మృగశిరలో నాలుగు చినుకులు రాలితే నమ్మి జొన్న విత్తారు. మొలక జానెడు లేవకముందే మాడిపోయింది. నల్లరేగడి నేల మా పాదం దిగేంత వెడల్పున పగుళ్లిచ్చింది. వాన కోసం కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పాం. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నాం. మధ్యాహ్నానికి మబ్బు పట్టేది, గాలి లేచేది, ఆ మబ్బు మా నెత్తి మీదుగానే తూర్పుకు వెళ్లిపోయేది. ఇంటి కప్పు మీది గడ్డి పీకి మా నాన్న ఎద్దులకు వేశాడు.

అప్పుడే ఊళ్లో ఒక మాట పుట్టింది. మొదట ఎవరన్నారో తెలియదు. మా పక్కింటి అక్క వాళ్లమ్మ ఆ ఎండాకాలంలోనే చనిపోయింది. ఆమెకు చేతుల మీద, పెదవుల చుట్టూ తెల్లటి తొన్ను మచ్చలుండేవి. తొన్ను ఉన్న మనిషిని మట్టిలో పూడిస్తే వాన ఆగిపోతుందని, శవాన్ని తవ్వి తీసి కాల్చేస్తే గానీ మబ్బు కరగదని మా వైపు ఒక నమ్మకం. నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె ఆ చేతులతోనే నాకు తల దువ్వేది. వేడి జొన్నరొట్టె మీద ఎర్రకారం పూసి పెట్టేది. ఆమె పోయిన దుఃఖం నాకే తీరలేదు. ఇక అక్క సంగతి చెప్పేదేముంది? తండ్రి లేడు, తోబుట్టువులు లేరు. కూలికి పోతే ఆమె పక్క సాలులో ఎవరూ నిలబడడం మానేశారు.

ఒకరోజు పొద్దున మా నాన్న గోడకు ఆనించిన గడ్డపార తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. మా నాన్న కఠినుడు కాదు. ఎద్దులు తాగాకే తాను నీళ్లు తాగే మనిషి. అందుకే ఆ రోజు ఆయన ముఖం చూసి నేను అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

ఎక్కడికి పోతున్నాడో మా అవ్వకు అర్థమయింది. నా చేయి పట్టుకుని అడ్డదారిన బయల్దేరింది. పక్కింటి ముందు ఆగి అక్కను కూడా పిలిచింది. అక్క గడప లోపలే నిలబడి, "నేను వస్తే వాళ్లకు ఇంకా కోపమొస్తాది అవ్వా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అవ్వ ఆమెను బలవంతం చేయలేదు. మేమిద్దరమే శ్మశానానికి చేరి, ఆ పెద్దమ్మ సమాధి మట్టి పక్కన కూర్చున్నాం.

కాసేపటికి మగవాళ్లు వచ్చారు. ముందు మా నాన్నే ఉన్నాడు.

"అమ్మా, నువ్వు ఈడెందుకు కూర్చుండావు? పిల్లను గూడా తెచ్చినావు. లెయ్."

అవ్వ లేవలేదు. గొంతు పెంచకుండా, కొడుక్కు ఎన్నడూ చెప్పని సంగతి అందరి ముందూ చెప్పింది. ఆమెకు నా ఈడున్నప్పుడు వాళ్లమ్మ చనిపోయిందట. ఆ తల్లికీ ఇట్లాంటి మచ్చలే ఉండేవట. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున సూర్యుడు ఆకుపచ్చగా లేచాడు. చిలక రెక్క రంగులో, కళ్లు చికిలించకుండా చూడగలిగేంత మసకగా ఉన్నాడు. సాయంత్రాలు పొద్దు కూకిన చాలాసేపటి దాకా పడమర ఎర్రగా మండుతూనే ఉండేది. జనం బెదిరిపోయారు. మరుసటి ఏడు వానలు తప్పాయి. రంగు మారిన సూర్యుడినీ, రాని వాననూ, మట్టిలో ఉన్న ఆ తల్లినీ ఊరు ఒకే ముడి వేసింది.

"తవ్వినారు. నేను చూసినాను. మా నాయనే పార పట్టినాడు," అంది అవ్వ. "తవ్వినాక సిన్న వాన ఒగటి పడె. దాంతో అందరూ నమ్మినారు. నేనూ నమ్మితి. పెండ్లయి ఆదోనికి పోయేదాకా మా అమ్మే పాపిష్టిదనుకుంటి."

మా పల్లెకు రాకముందు అవ్వ కాపురమున్న ఆదోని వీధిలో పిల్లలకు చదువు చెప్పే అయ్యవారు ఒకాయన ఉండేవాడట. ఆ పచ్చ సూర్యుడి మాట విని ఆయనే చెప్పాడట, ఎక్కడో సముద్రం నడుమ ఒక నిప్పుల కొండ పగిలిందని. దాని దుమ్ము మబ్బుల కంటే పైకెక్కి, దేశదేశాల మీద తెరలా పరుచుకుంటే సూర్యుడు అట్లా కనిపించాడట. అంతటి తెర అడ్డమైతే ఎండ తగ్గుతుంది, నేల కాగాల్సినంత కాగదు, సముద్రం మీది మబ్బును లాగే బలం దానికి ఉండదు, అందుకే వానలు తప్పి ఉండవచ్చు అన్నాడట. ఆ రోజు అవ్వ ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చిందట.

వెనక నుంచి ఒకాయన, "సరే అవ్వా, ఇప్పుడు యా కొండ పగిలింది?" అన్నాడు.

"నాకు తెలీదప్పా. ఈ తూరి వాన ఎందుకు రాలేదో నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలీదని ఆయమ్మను తవ్వుతారా?"

మా నాన్న గడ్డపార భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. మిగిలినవాళ్లు గొణుక్కుంటూ ఆయన వెంట వెళ్లారు. వాళ్ల మనసులు మారాయని నేననుకోను. కన్నకొడుకు ఎదుట ఆ ముసలితల్లిని లాగి పక్కన పడేయలేకపోయారు, అంతే.

ఆ ఏడు వాన రానే లేదు. సగం ఊరు కూలి వెతుక్కుంటూ మూటలు కట్టుకుని పోయింది. మా ఎద్దుల్లో ఒకటి కొట్టంలోనే కూలిపోయింది. ముసలమ్మ అడ్డం కూర్చోకపోతే వాన పడేదని బావి దగ్గర మాకు వినపడేటట్టే అనేవాళ్లు. ఒకనాడు మా నాన్న కూడా, "ఆ పొద్దు నువ్వు లేచింటే..." అని మొదలుపెట్టి, మాట మింగేశాడు. అవ్వ పక్కింటి అక్కను మాత్రం మా ఇంట్లోనే పడుకోబెట్టుకునేది. ఉన్న గంజి ఇద్దరూ పంచుకునేవారు.

మరుసటి ఏడు ఆరుద్రలో వాన వచ్చింది. సమాధి తవ్వకుండానే వచ్చింది. వాన రానప్పుడు ఆ పెద్దమ్మ పేరు ఎత్తినవాళ్లలో, వచ్చినప్పుడు ఒక్కరూ ఆమె పేరు ఎత్తలేదు. నేను తడుస్తూ పరుగెత్తి, "అవ్వా, నువ్వే గెలిచినావు" అన్నాను. ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు. నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో తల తుడుస్తూ, "వాన రాకున్నా ఆయమ్మ ఆడనే ఉండాల పాపా" అంది.

ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఇంట్లో గానీ వీధిలో గానీ కష్టం వచ్చినప్పుడు, ఎదురు తిరగలేని ఒకరి మీదికి వేళ్లు లేవడం నేను ఎన్నోసార్లు చూశాను. చాలాసార్లు అసలు కారణం నాకూ తెలియదు. తెలియదనే చెప్పి, వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చుంటాను. కూర్చున్న ప్రతిసారీ లోపల భయంగానే ఉంటుంది. అవ్వకూ ఆ పొద్దున భయమే వేసి ఉంటుంది. నా చేయి పట్టుకున్న ఆమె అరచేయి చెమటతో తడిసిపోయి ఉండింది.