నలుగురం ప్రశ్నలడిగేవాళ్లం

మా అత్తమ్మ నా ఉద్యోగం గురించి వాడకట్టులో అందరికీ ఒక్క ముక్కలో చెప్పేది: "మా కోడలిది ప్రశ్నలడిగే నౌకరి." ఎవరిని అడుగుతుంది, ఎందుకు అడుగుతుంది అని ఎవరైనా కదిపితే, "గది దానికే తెల్వాలె" అని తేల్చేసేది. అందులో తప్పేమీ లేదు. ఫోన్లలో వాడే యాప్‌లు తయారుచేసే కంపెనీ మాది, హైదరాబాద్‌లో ఉంది. ఆ యాప్‌లు వాడే మనుషులతో మాట్లాడి, వాళ్లకు ఎక్కడ అర్థం కావడం లేదో, ఎక్కడ విసుగొచ్చి ఫోన్ పక్కన పడేస్తున్నారో కనిపెట్టి చెప్పడం నా పని. దాన్ని యూజర్ రీసెర్చ్ అంటారు. ఎల్లారెడ్డిలో మా ఇంటి పైగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కొన్నేళ్లు ఆ పని చేశాను.

ఆ ఉద్యోగానికి నాకంటే ఎక్కువ కష్టపడింది అత్తమ్మే. నేను చేరిన కొత్తలో ఒక మీటింగ్ మధ్యలో కింద కుక్కర్ కూత పెట్టింది. హైదరాబాద్ నుంచి ఎవరో, మీరు రైల్వే స్టేషన్‌లో ఉన్నారా అని అడిగారు, అందరూ నవ్వారు. ఆ పూట అన్నం తింటూ ఆ సంగతి సరదాగా చెప్పాను. అత్తమ్మ నవ్వలేదు. మర్నాటి నుంచి కుక్కర్ అటకెక్కింది, ఇంట్లో గంజి వార్చిన అన్నం మొదలైంది. పక్కింటామె వాకిట్లోంచి కేకేస్తే అత్తమ్మ లేచి గేటు దాకా వెళ్లి, గుసగుసగా మాట్లాడి పంపేది. సాయంత్రం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చూసే సీరియల్‌కు కూడా సౌండ్ తీసేసింది. మనుషుల మొహాలు చూసి కథ తనే అల్లుకునేది. అందులో ఎప్పుడూ పట్టుచీరలో తిరిగే ఆవిడ కథానాయికకు సవతి అని ఆమె లెక్క. నేను కాదనలేదు, నాకూ తెలియదు.

చప్పుడు చేసే హక్కు ఆ ఇంట్లో నాకొక్కదానికే ఉండేది, అదీ కరెంటు పోయినప్పుడు. కరెంటు పోతే వైఫై పోతుంది. నేను ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం దడదడమని మెట్లెక్కి డాబా మీదికి పరిగెత్తేదాన్ని. కింద నుంచి అత్తమ్మ నా తరఫున కరెంటోళ్లను తిట్టేది.

ఆ ఉద్యోగం వానాకాలం మొదట్లో పోయింది. ఒక చిన్న మీటింగ్ పెట్టి, సంస్థ దిశ మారుతోందని చాలా మర్యాదగా చెప్పారు. దిశ మారితే నేను ఎక్కడ అడ్డమొచ్చానో అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపు మీటింగ్ అయిపోయింది.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మా ఆయన మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. పెళ్లయిన కొత్తలోనే వెళ్లాడు, రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చిపోతాడు. ఈసారి కాంట్రాక్టు అయిపోవస్తోంది. ఇంకో రెండేళ్లకు సంతకం పెడతావా, ఇంటికి పోతావా అని అక్కడి కంపెనీ అడుగుతోంది. "నీ నౌకరి గట్టిగుందంటే చెప్పు. సంతకం పెట్టకుండ వచ్చేస్త. ఎల్లారెడ్డిలనే దుకాణం పెట్టుకుంట" అన్నాడు. గట్టిగుందని చెప్పాను. అప్పటికి గట్టిగానే ఉంది, తర్వాతి వారం పోయింది. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి మళ్లీ అదే అడిగేవాడు. నేను నీళ్లు నమిలేదాన్ని. పోయిందంటే ఆయన ఆ రోజే సంతకం పెట్టేస్తాడు. ఇంకో రెండేళ్లు ఫోన్‌లో కాపురం చేయడం నాకు ఇష్టం లేదు, ఆ మాట నా నోటితో చెప్పడం అంతకంటే ఇష్టం లేదు. సంతకం గడువు దాటేలోపు ఇంకో ఉద్యోగం సంపాదిస్తే చెప్పాల్సిన పనే ఉండదనుకున్నాను. అంతవరకు రోజూ పొద్దున్నే పైకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. లేని మీటింగుల కోసం కింద ఇల్లంతా నోరు మూసుకుని కూర్చునేది.

అలాంటప్పుడు వాట్సాప్‌లో ఒక పిలుపు వచ్చింది. ఈ పని ఇళ్ల నుంచి చేసుకునేవాళ్లం మా జిల్లాలో కొందరం ఉన్నాం. మాకొక గ్రూపు ఉంది, అందులో ఎక్కువగా శుభోదయాలు వస్తాయి. బ్యాంకుల యాప్‌ల మీద పనిచేసే దోమకొండ ఆయన ఒకరోజు శుభోదయం కాని మెసేజ్ పెట్టాడు. శుక్రవారం పొద్దున పదకొండింటికి, కామారెడ్డి బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్ మేడ మీద కలుద్దాం, ఎజెండా ఏమీ లేదు, ఊరికే చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం అని. నా ప్రాణం లేచొచ్చింది. వాళ్ల కంపెనీల్లో ఖాళీలున్నాయేమో మొహమాటం లేకుండా అడగొచ్చు. శుక్రవారం పదకొండింటికి ఉద్యోగాలున్నవాళ్లు హోటల్‌కు ఎలా వస్తారన్నది మాత్రం నాకు తట్టలేదు. మనుషుల అలవాట్లు గమనించడం నా వృత్తి అని మళ్లీ మనవి చేసుకుంటున్నాను.

ఆఫీసు మీటింగని అత్తమ్మకు చెప్పి, బస్సులో ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని తాడ్వాయి దాకా నిలబడే వెళ్లాను. అడగాల్సిన మాటను మనసులో చాలా రకాలుగా తిప్పి చూసుకున్నాను.

మేడ మీద నలుగురం పోగయ్యాం. నేను, దోమకొండ ఆయన, సదాశివనగర్ నుంచి వచ్చిన ఇంకొకాయన, కామారెడ్డిలోనే ఉండే ఒక అమ్మాయి. ఇక్కడ మా వృత్తిధర్మం కొంత చెప్పాలి. జవాబును లోపల పెట్టి ప్రశ్న అడగకూడదు. అవునో కాదో తేలిపోయే ప్రశ్న అసలే అడగకూడదు. మన అభిప్రాయం చెప్పకూడదు. ఎదుటి మనిషి ఆగిపోతే అతని చివరి మాటనే మళ్లీ అని, తల కొంచెం పక్కకు వంచి, నోరు కట్టేసుకుని కూర్చోవాలి. ఆ నిశ్శబ్దం భరించలేక మనసులో మాట అతనే కక్కేస్తాడు. మామూలు మనుషుల దగ్గర ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

"ఎట్ల నడుస్తుందక్కా పని?" అని దోమకొండ ఆయన నన్ను అడిగాడు. నడుస్తుందన్నాను, మీకెలా ఉందని అడిగాను. దాని గురించి మీకెలా అనిపిస్తోందని ఆయన అడిగాడు. ఇంతలో కామారెడ్డి అమ్మాయి, తన పని ఈమధ్య కొంచెం మారిందని అంది. "మారింది..." అని సదాశివనగర్ ఆయన తల వంచి ఆగాడు. అవును, మారిందని ఆ అమ్మాయి కూడా తల వంచింది. ఇద్దరూ బాగా నేర్చుకున్నవాళ్లే. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

ఏం కావాలని సర్వర్ వచ్చాడు. ఇక్కడ జనం మామూలుగా ఏం తింటారని సదాశివనగర్ ఆయన అడిగాడు. ఇడ్లీ, వడ అన్నాడు సర్వర్. ఎందుకు తింటారంటావని ఈయన అడిగాడు. సర్వర్ మా నలుగురినీ ఒకసారి పరకాయించి చూసి, "ఆకలైతది సార్" అన్నాడు. సదాశివనగర్ ఆయన ఇంకా ఏమైనా వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. నాలుగు చాయ్‌లు వచ్చాయి.

చాయ్ అయ్యాక ఆయనే సంచిలోంచి పసుపు రంగు అంటించే చీటీలు తీశాడు. ఇదీ మా పనిలో భాగమే. ఒక్కో చీటీ మీద ఒక్కో విషయం రాసి గోడకు అంటించి, ఒకేలా ఉన్నవాటిని దగ్గరికి జరిపి, ఆఖరున ఆ గుంపుకు పేరు పెట్టాలి. పేరు పెట్టడానికి తొందరపడటం మాలో పెద్ద తప్పు. ఈమధ్య పని ఎలా ఉందో తలా ఒకటి రాద్దామన్నాడు. రాసి అంటించాం. ఒకటి ఫ్యాను గాలికి ఊడి పక్క టేబుల్ మీది చట్నీలో పడితే తుడిచి మళ్లీ అంటించాం. కొంచెం విరామం తీసుకుంటున్నాను అని దోమకొండ ఆయన రాశాడు. కొత్త దారులు చూస్తున్నాను అని సదాశివనగర్ ఆయన. ఇంట్లోవాళ్లతో ఎక్కువ సమయం గడుపుతున్నాను అని ఆ అమ్మాయి. తర్వాత ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను అని నేను. నలుగురం కలిసి ఆ నాలుగింటినీ ఒకే గుంపుగా జరిపాం. ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు.

గుంపుకు పేరు పెట్టడం మిగిలింది. ఎవరూ పెట్టలేదు. గోడ వైపు గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాం. అక్కడున్న ఎవరికీ ఉద్యోగం లేదని, పక్కవాళ్లను ఉద్యోగం అడగడానికే అందరం బస్సులెక్కి వచ్చామని నాకు అప్పుడు తెలిసింది. చాలా కోపం వచ్చింది. మొదట వాళ్ల మీద, తర్వాత నా మీద. నా నౌకరి పోయిందన్న మాట గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే దోమకొండ ఆయన ముందుకు వంగి, దయగా నా వైపు చూసి, తల పక్కకు వంచాడు. ఆ వంచిన తల నాకు తెలుసు. నేనూ అలాగే వంచి ఎందరి చేతో ఎన్నో చెప్పించాను. వచ్చిన మాట లోపలికి వెళ్లిపోయింది. ఇంకొంచెం సమాచారం వస్తే గానీ పేరు పెట్టలేమని ఆయన అన్నాడు. అందరం హాయిగా ఒప్పుకున్నాం. హోటల్ యజమాని పైకొచ్చి, గోడకు కొత్తగా సున్నం వేయించాం, ఆ చీటీలు తీసేయమన్నాడు.

మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి నా పక్కకు వచ్చింది. "అక్కా, మీ కంపెనీల ఏమన్న..." అని ఆగింది. "ఏమన్న..." అన్నాను నేను. కావాలని కాదు, అలవాటు. ఆ పిల్ల నా మొహం చూసి, ఏం లేదక్కా అని బస్టాండు వైపు వెళ్లిపోయింది. తిరుగు బస్సులో సీటు దొరికింది గానీ, ఎల్లారెడ్డి వచ్చేదాకా నాకు సిగ్గుగానే ఉంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. అత్తమ్మ చాట ముందు కూర్చుని ఉంది, టీవీలో పట్టుచీర ఆవిడ సౌండ్ లేకుండా అరుస్తోంది. మీటింగ్ ఎట్లయిందని అత్తమ్మ అడిగింది. మంచిగైందన్నాను. ఆమె చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి తెంపింది.

"నౌకరి పోయిందా బిడ్డా?"

తల వంచలేదు, ఆగలేదు, నిశ్శబ్దం పెట్టలేదు. నేను ఇన్నేళ్లలో ఎవరినీ అడగని రకం ప్రశ్న.

"పోయింది అత్తమ్మా" అన్నాను.

"నిన్న రెండుసార్లు కరెంటు పోయింది. నువ్వు మెట్లెక్కలే" అంది. వానికి చెప్పావా అని అడిగింది. లేదన్నాను. చెబితే ఏమంటాడని అడిగింది. ఇంకో రెండేళ్లకు సంతకం పెడతాడన్నాను. ఆమె ఇంకో ఆకు తీసుకుంది, చుట్టలేదు, మళ్లీ చాటలో పెట్టేసింది.

"గట్లయితే వచ్చినంక చెప్పు" అంది.

తర్వాత రిమోట్ తీసుకుని, సౌండ్ పెట్టుకోవచ్చు కదా అన్నట్టు నా వైపు చూసి సౌండ్ పెట్టేసింది. ఇన్నేళ్ల తర్వాత ఆ ఇంట్లోకి ఒక్కసారిగా వీణలు, ఉరుములు, ఏడుపులు వచ్చాయి. కథానాయిక ఆ పట్టుచీర ఆవిడను అమ్మా అని పిలిచింది. "తల్లంట" అంది అత్తమ్మ నొచ్చుకుంటూ. ఇన్నాళ్లూ ఊరికే తిట్టినందుకు ఆమెకు బాధగా ఉన్నట్టుంది.

అంతలో నా ఫోన్ మోగింది. మస్కట్. నేను కదల్లేదు. అత్తమ్మ ముందు టీవీ సౌండ్ పూర్తిగా తీసేసింది, ఆ తర్వాత నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అది మీటింగుల ఉన్నది బిడ్డా" అంది, నా కళ్లలోకి చూస్తూనే. అవతల ఆయన అడిగేది అడిగాడు. "దాని నౌకరికేమైంది? ఇల్లంత సప్పుడు జేయకుండ గూసున్నం. నువ్వు ఏ తారీఖు వస్తున్నవ్?"

వస్తావా అని కాదు, ఏ తారీఖని. అవతల ఆయన కాసేపు మాట్లాడలేదు. అత్తమ్మ ఆ నిశ్శబ్దాన్ని ఉండనివ్వలేదు. "టికెట్ తీసుకో" అంది. వచ్చే నెల మొదట్లో తీసుకుంటనవ్వా అన్నాడు ఆయన, నాకు వినబడింది.

అత్తమ్మ ఫోన్ పక్కన పెట్టి, రిమోట్ నా చేతికిచ్చి సౌండ్ పెంచమంది. పెంచాను. ఏడుపు ఆగలేదు, ఏడ్చాను. సీరియల్ చప్పుడులో అది పక్కింటికి వినబడలేదు.