టిట్స్కే అతికించిన బంగారు తీగలు

టిట్స్కే హూక్‌స్ట్రా నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో పాడిరైతుల ఇంట పుట్టింది. టీవీలు తయారుచేసే కార్ఖానాలో ఇరవయ్యేళ్లు టంకం పెట్టి, అది మూతపడ్డాక డెల్ఫ్ట్‌లోని మా ప్రయోగశాలకు వచ్చింది. మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగలను చిప్‌కు అతికించడం ఆమె పని.

ఆమె చేరిన పదో ఏట యోరిట్ అనే పరిశోధక విద్యార్థి రెండు క్వాంటమ్ చుక్కలున్న చిప్ తెచ్చాడు. ఒక్కో చుక్క ఎలక్ట్రాన్లను ఒకటీ రెండూగా పట్టి ఉంచే గది లాంటిది. స్పిన్, అంటే ఎలక్ట్రాన్‌లోని చిట్టి అయస్కాంతపు ముల్లు లాంటిది, ఒకే దిశలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లు రెండో గదిలో కలిసి ఇమడవు. కాబట్టి అక్కడ కరెంటు ఆగిపోవాలి. ఆగలేదు. సన్నగా కారుతూనే ఉంది.

కాఫీ వేళకు యోరిట్ విసురుగా వచ్చాడు.

"టిట్స్కే, మీ అతుకు పాడైంది. మూడు వారాల పని మంటగలిసింది."

ఆమె చీజు రొట్టె కింద పెట్టింది. "అతుకు ఊడితే కరెంటు రాదు బాబూ. కారడమేంటి?"

"తీగ పక్కదాన్ని తాకుతోందేమో!"

"అయస్కాంతం వేసి చూశావా?"

"ఇంకా లేదు."

"వేసి చూడు. తప్పు నా తీగదైతే, అయస్కాంతానికి భయపడి బుద్ధి తెచ్చుకోదుగా!"

అందరూ నవ్వారు. యోరిట్ చెవులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం అతను అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా పెంచాడు. పక్కన కూర్చుని అంకెలు రాసుకున్నది నేనే. కాస్త పెరగగానే కరెంటు ఆగింది. సున్నాకు తెస్తే మళ్లీ కారింది. నాలుగుసార్లు చేసినా అంతే. చిప్‌లోని పరమాణువుల కేంద్రకాలు ఒక్కోటీ ఓ చిట్టి అయస్కాంతమే. బయటి క్షేత్రం లేనప్పుడు అవే ఎలక్ట్రాన్ స్పిన్‌ను తిప్పేసి దారి ఇస్తున్నాయని నెల తర్వాత లెక్క తేలింది.

ఆ అంకెలు రాసుకున్న మర్నాడే యోరిట్ అందరి ముందూ అన్నాడు: "తొందరపడ్డాను."

"పడ్డావు," అంది టిట్స్కే. అంతే.

అయితే మేం కొలతలు తీస్తున్న ఆ మధ్యాహ్నం ఆమె తలుపేసుకుని, ఆ చిప్ మీది అతుకుల ఫొటోలన్నీ మళ్లీ చూసిందట. "ముప్పయ్యేళ్లుగా చేస్తున్న చేతిని ఓ గంట నమ్మలేకపోయాను," అని చాలాకాలానికి నాతో చెప్పింది.

రెండేళ్లకు ఆమె చూపు మందగించింది. ఉద్యోగం మానేముందు ఆ పని యోరిట్‌కే నేర్పింది. అతని మొదటి పదకొండు తీగలూ తెగిపోయాయి.

"ఊపిరి బిగపట్టకు," అంది ఆమె, మైక్రోస్కోపు అతనివైపు జరిపి.